మూడో ఫేజును పుట్టించే మోటారు

కాట్టుపల్లిలో కరెంటుకు కొదవేమిటి? పక్కనే ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం. అక్కడ కరెంటు పుట్టడమే మూడు ఫేజులుగా పుడుతుంది. ఊరి ఒడ్డునే ఎల్ అండ్ టీ ఓడల యార్డు. 2018లో తీరరక్షక దళంలో చేరిన గస్తీ నౌక విక్రమ్ అక్కడ తయారైనదే. దాని ఉక్కు రేకులు అతికిన వెల్డింగ్ యంత్రాలకు ఎన్ని ఫేజులు కావాలంటే అన్ని. కానీ అలాంటి చోట పని నేర్చుకున్నవాడు ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి గేట్లు, గ్రిల్సు చేసుకుందామంటే, స్తంభం మీంచి అతని ఇంటికి దిగేవి రెండే తీగలు. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. 230 వోల్టులు.

పాతకాలపు ఆయిల్ వెల్డింగ్ సెట్టు ఒకటి లెక్కేసి చూద్దాం. రాడ్డు ముట్టించక ముందు 80 వోల్టులు, మంట మీద 200 ఆంపియర్లు. అంటే లాగేది దాదాపు 16 కేవీఏ. 230 వోల్టుల మీద అయితే సుమారు 70 ఆంపియర్లు. ఇంటి సర్వీసు వైరు ఆ బరువు మోయలేదు. అదే సెట్టును రెండు ఫేజుల మధ్య, 415 వోల్టుల మీద పెడితే 40కి లోపే. మూడు ఫేజుల రెక్టిఫయర్ సెట్టయితే ఆ బరువు మూడు తీగల మీదా పంచుకుంటుంది.

మన దగ్గర దీనికి విరుగుడు సులువే. వీధిలో సాధారణంగా మూడు ఫేజులూ నడుస్తుంటాయి కాబట్టి, దరఖాస్తు పెట్టి డిపాజిట్ కడితే మూడు ఫేజుల సర్వీసు వస్తుంది. అమెరికాలో అలా కాదు. అక్కడి నివాస వీధుల్లో చాలాచోట్ల సింగిల్ ఫేజే ఉంటుంది. పాత ఫ్యాక్టరీ లేతులు, వెల్డింగ్ సెట్లు చవకగా కొనుక్కున్న ఇంటి పనిమంతులు అందుకే ఇంకో పాత మూడు ఫేజుల మోటారు తెచ్చి, దానికి ఏ పనీ అప్పజెప్పకుండా ఊరికే తిప్పుతారు. రోటరీ ఫేజ్ కన్వర్టర్ అంటే అదే.

ఊరికే తిరిగే మోటారు కరెంటును ఎలా మారుస్తుంది? ముగ్గురు ఒకే రోట్లో దంచుతుంటే ఒక రోకలి పడ్డాక ఇంకొకటి వరసగా పడుతుంది కదా, మూడు ఫేజుల వరస అలాంటిదే. 50 సైకిళ్ల కరెంటులో ఒక్కో సైకిల్ 20 మిల్లీసెకన్లు, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఎడం అందులో మూడో వంతు. ఆ వరసవల్లే మోటారు లోపలి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ ఇస్తే క్షేత్రం తిరగదు, ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. మోటారు గుయ్‌మని నిలబడిపోతుంది, ఫ్యూజు పోకపోతే కాలిపోతుంది. అయితే షాఫ్టును ఎవరైనా ఒకసారి తిప్పి వదిలితే అటువైపే పరుగందుకుంటుంది. అలా తిరుగుతున్న రోటరు తన సొంత క్షేత్రంతో, కరెంటు అందని మూడో వైండింగులో వోల్టేజి పుట్టిస్తుంది. ఆ వోల్టేజి మిగతా రెండింటికీ సరైన ఎడంలోనే ఉంటుంది. లేని ఫేజు అక్కడ దొరుకుతుంది.

కట్టడం పెద్ద విద్య కాదు, కష్టమంతా సరితూచడంలోనే. నడపాల్సిన మోటారు కన్నా ఇది కనీసం ఒకటిన్నర రెట్లు పెద్దది కావాలి. వెల్డింగ్ లాంటి కుదుపుల లోడుకైతే ఇంకా పెద్దది. పరుగు అందించడానికి స్టార్టింగ్ కెపాసిటర్, లేదా షాఫ్టుకు బెల్టుతో చిన్న మోటారు. తర్వాత మూడు వోల్టేజీలు దగ్గర దగ్గరగా వచ్చేదాకా రన్నింగ్ కెపాసిటర్లు కలుపుతూ పోవాలి. మన దేశంలో ఇంకో చిక్కుంది. 415 వోల్టుల స్టార్ మోటారును డెల్టాగా కలిపి 230 మీద నడపొచ్చు గానీ, బయటికి వచ్చేది కూడా 230 వోల్టుల మూడు ఫేజులే. 415 అడిగే వెల్డింగ్ సెట్టుకు మధ్యలో ఒక స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టాలి. అంతకన్నా లైన్‌మన్‌ను పిలవడమే తేలిక.

అందుకని ఈ యంత్రం మన దేశానికి రాలేదనుకుంటే పొరపాటు. తిరువళ్లూరు స్టేషన్ మీదుగా దశాబ్దాల పాటు రోజూ పోయింది, రైలింజనులో కూర్చుని.

1885లో ఇటలీలోని టురిన్‌లో గలిలియో ఫెరారిస్ తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని చూపించాడు. 1889లో డోలివో-డోబ్రోవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారు చేశాడు. ఫెరారిస్ దగ్గరే పనిచేసిన రికార్డో ఆర్నో, గురువుతో కలిసి, సింగిల్ ఫేజ్ లైను మీద మూడు ఫేజుల మోటార్లు నడిపే పద్ధతిని 1890లలో ప్రకటించాడు. దాన్ని పట్టాల మీదికి ఎక్కించిన ఇంజనీర్లలో హంగరీకి చెందిన కాల్మాన్ కాండో ముఖ్యుడు. ఆయన మొదట ఇటలీలో 1902లో మూడు ఫేజుల రైలు నడిపాడు. దానికి పైన రెండు తీగలు కావాలి. పట్టాలు చీలే ప్రతిచోటా ఆ రెండు తీగలు ఒకదానికొకటి తగలకుండా చూడడం నరకం. చివరికి పైన ఒక్క తీగ పెట్టి, ఇంజనులోనే ఫేజులు పుట్టించే కన్వర్టర్ తయారుచేశాడు. ఆ ఇంజను 1932లో బయటికొచ్చేసరికి ఆయన లేడు.

మన రైల్వేదీ అదే ఒక్క తీగ: 25 కిలోవోల్టులు, సింగిల్ ఫేజ్, తిరుగు దారి పట్టాలు. మద్రాసు-అరక్కోణం మార్గానికి ఈ కరెంటు 1979లో వచ్చింది. తిరుత్తణికి దగ్గర్లోని అరక్కోణంలో ఎలక్ట్రిక్ లోకో షెడ్డు వెలిసింది. డబ్ల్యూఏఎం-4, డబ్ల్యూఏజీ-5 లాంటి పాత తరం ఇంజన్లలో చక్రాలు తిప్పేవి డీసీ మోటార్లు. గాలి ఊదే బ్లోయర్లకు, బ్రేకుల కంప్రెసర్లకు మాత్రం మూడు ఫేజులు కావాలి. ఆ పనికి పెట్టిన 380 వోల్టుల యంత్రం పేరు ఆర్నో కన్వర్టర్. బండి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నా ఇంజను దగ్గర ఆగకుండా వినిపించే హోరులో దాని గొంతూ ఉండేది. దాన్ని లేపడానికి తాడూ బెల్టూ ఉండేవి కావు. మూడో వైండింగుకు ఒక రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు తగిలించేవారు. వోల్టేజి లేచిందని రిలే చూసుకుని రెసిస్టర్‌ను విడదీసేది. లేవకపోతే ప్రధాన బ్రేకర్, లోకో పైలట్లు డీజే అనేది, తెరుచుకునేది. దారిలో కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్ వచ్చిన ప్రతిసారీ డీజే తెరవాలి, దాటాక మూయాలి. ఆర్నో మళ్లీ మొదటినుంచి లేవాల్సి వచ్చేది.

పొలాల్లో దీనికో దొంగ తమ్ముడున్నాడు. వ్యవసాయ లైన్లకు మూడు ఫేజులు గంటల లెక్కన ఇచ్చి, మిగతా వేళ తగ్గించిన ఫేజులు వదిలితే, రైతు కెపాసిటర్ తగిలించి మూడు ఫేజుల పంపును నడిపేశాడు. గుజరాత్ రైతులు దాన్ని తోటా అన్నారు. ఒకే లోడు ఒకే తీరున ఉండే పంపుకు ఈ చిట్కా ఏదోలా సరిపోతుంది. కానీ ఊరందరూ ఒకే ఫేజు మీద పడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. దీన్ని రైతు అత్యాశగా చూపే విద్యుత్ అధికారులతో నేను ఏకీభవించను. నీళ్లు అడిగే పైరు కరెంటు టైమ్‌టేబుల్ చూడదు.

ఆర్నోను చివరికి తప్పించింది ఐజీబీటీ అనే సెమీకండక్టర్ స్విచ్చు. కొత్త ఇంజన్లలో, మార్పులు చేసిన పాతవాటిలో కూడా, తిరిగే భాగాల్లేని స్టాటిక్ కన్వర్టర్లు వచ్చాయి. అదే స్విచ్చు చేతిసంచిలో పట్టే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్‌లోనూ ఉంది. ఇంటి 230 వోల్టుల మీద సన్న రాడ్లతో గ్రిల్సు, గేట్లు అతకడానికి అది చాలు. కాబట్టి వెల్డింగ్ కోసమే అయితే ఇవాళ రోటరీ కన్వర్టర్ కట్టమని ఎవరికీ చెప్పను. షెడ్డులో మూడు ఫేజుల లేతు, డ్రిల్లు, గ్రైండరు అన్నీ పోగేసుకుని, సర్వీసు మాత్రం సింగిల్ ఫేజే ఉన్నవాడికి అది ఇంకా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: మోటారు పుట్టించిన ఫేజు లోడును బట్టి ఊగుతుంది. కాంటాక్టర్ కాయిల్‌ను, కంట్రోల్ వైర్లను ఆ ఫేజుకు తగిలించకుండా ఎప్పుడూ లైను నుంచి వచ్చిన తీగలకే కలపాలి.