గోడ ఆరాకే తోరణం

ఏర్కాడు కొండ మీద పాత ఇల్లొకటి కొన్నామని చెప్పగానే మా తుంబలహళ్లి చుట్టాలు ముందుగా అడిగింది రంగుల గురించి. గోడలకు ఏ రంగు వేస్తారు, కిటికీలకు ఎలాంటి కర్టెన్లు కడతారు, వరండాలో ఉయ్యాల ఉంటుందా అని. నేనేమో ఏడాది పొడుగునా నీళ్ల గురించే మాట్లాడాను. చలికొండ మీద ఇల్లు బాగు చేసుకోవాలనుకునే వాళ్లెవరు కనబడినా ఇప్పటికీ అదే చెబుతున్నాను: ముందు నీళ్లకు దారి చూడండి, సింగారం తర్వాత.

మాది ధర్మపురి జిల్లా. పాలక్కోడు టమాటా మండీ, మామిడి తోపులు, రాగి చేలు, ఈ ఏడు డ్యాంలోకి నీళ్లొచ్చాయా లేదా అని ఎదురుచూసే బతుకులు. వానకు మొగం వాచిన నేలలో ఇళ్లు ఎండను తట్టుకునేట్టు కట్టుకుంటాం. ఏర్కాడు లెక్క వేరు. తొప్పూరు ఘాటు దిగి, సేలం దాటి, 20 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే సుమారు 1500 మీటర్ల ఎత్తున ఉంటుంది. నైరుతి వానలూ పడతాయి, ఈశాన్య వానలూ పడతాయి, మధ్యలో మంచు కమ్ముకుంటుంది. కింద నేర్చుకున్న ఇంటి విద్య అక్కడ సగం కూడా పనికిరాదు.

ఎండలకు జడిసి కొండెక్కడం దొరల కాలం నాటి అలవాటు. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ బంగళా కట్టుకున్నాక ఆ కొండకు ఆయన పేరే పడింది. ఏర్కాట్లో సేలం కలెక్టరుగా ఉన్న ఎం.డి. కాక్‌బర్న్ 1820లలో కాఫీ నాటించాడు. తోటలు పెరిగాయి, తోటల్లో బంగళాలు లేచాయి, బంగళాలకు కాస్త దూరంగా గుమాస్తాలకూ మేస్త్రీలకూ చిన్న ఇళ్లు వెలిశాయి. మాది ఆ చిన్న ఇళ్ల జాతిది. మందపాటి రాతి గోడలు, మంగళూరు పెంకుల కప్పు, ముందొక వరండా, హాల్లో చలిమంట గూడు. చూడగానే మనసు పడ్డాం. తలుపు తీస్తే మాత్రం గుప్పున బూజు వాసన.

మా ఆయన హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఏ పనికైనా తేదీలు వేసుకుంటే గానీ నిద్రపట్టదు. దీపావళికి గృహప్రవేశం అని ఆయన అప్పటికే నోటుబుక్కులో రాసేశారు. కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన ముసలి మేస్త్రి ఆ పుస్తకం చూసి ఏమీ అనలేదు. గోడ దగ్గరికెళ్లి ఉలితో నాలుగు దెబ్బలు వేశాడు. పెయింటు, దాని వెనకున్న సిమెంటు పలకలా ఊడి కిందపడ్డాయి. లోపలి సున్నం తడిగా, ముద్దముద్దగా ఉంది.

"సామీ, గోడ తాగిన నీళ్లు యాడికి పోవల్ల? దీనికి ప్లాస్టిక్ చొక్కా తొడిగినారు. ఊపిరాడతా లేదు," అన్నాడు.

ఈ ఒక్క సంగతి తెలియక పాత ఇళ్లు ఎన్ని పాడవుతున్నాయో చెప్పలేను. పాతకాలపు రాతి గోడలో రాళ్ల మధ్య ఉండేది మట్టీ సున్నమూ. వాన తడి, నేల చెమ్మ అందులోకి కొంత ఎక్కక మానవు. సున్నంలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి, వాటి గుండా ఆ తడి ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు పూత చిక్కన. వెంట్రుకవాసి పగుళ్ల నుంచి నీళ్లు లోపలికి పోతాయి గానీ, తిరిగి బయటికి రావడానికి దారి దొరకదు. గోడలోని లవణాలు ఉపరితలానికి చేరి తెల్లగా పూస్తాయి, పెయింటు పొక్కులు లేస్తుంది. పొక్కులు గీకి మళ్లీ పెయింటు వేస్తే ఇంకో వానాకాలం దాకా మురిపిస్తుంది, అంతే.

అందుకని పని పైనుంచి మొదలైంది. కప్పు మీది పెంకులన్నీ దించి, ఒక్కోటీ వేలితో తట్టి చూశారు. గట్టి పెంకు ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. జర్మన్ మాట్లాడే బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేసిన పెంకులే దక్షిణాది అంతా పాకాయి. ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో కూర్చుంటుంది కాబట్టి వాన జారిపోతుంది. కానీ ఏర్కాట్లో కోతులున్నాయి. అవి గంతులేస్తే పెంకు బెత్తెడు జరుగుతుంది, ఆ సందు చాలు, దూలం తడవడానికి. చూరు వెంబడి పెంకులను తీగతో రీపర్లకు కట్టించాం. పురుగు పట్టిన రీపర్లు మార్పించాం.

అన్నిటికంటే మేలు చేసింది ఎవరికీ కనబడని పని. ఇంటి వెనక కొండవాలు మట్టి జారిజారి ఎన్నో ఏళ్లుగా గోడకు ఆనుకుని కిటికీ దాకా పేరుకుంది. అంటే వెనక గోడ ఏడాదంతా తడి మట్టిని వాటేసుకుని నిలబడి ఉంది. ఆ మట్టి తోడించి, గోడకు ఎడంగా కాలువ తవ్వించి, అడుగున కంకర పరిపించి, వాలుగా ఇల్లు చుట్టి కాఫీ చెట్లలోకి వదిలాం. ఖర్చులో ఇది చిన్న భాగం. ఫలితంలో దీని ముందు ఇంకేదీ నిలవదు. చేతిలో డబ్బు తక్కువుంటే సోఫా మానుకుని కాలువ తవ్వించండి.

ఆ తర్వాత సున్నం. గుంతలో నానబెట్టిన సున్నానికి ఇసుక కలిపి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి మెదిపారు. మా అమ్మమ్మ కాలంలో డంగు సున్నం అన్నది ఇదే. సిమెంటులా నీళ్లు తగలగానే ఇది బిగుసుకోదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ నెమ్మదిగా రాయి అవుతుంది. అందువల్ల పలచని పూతలుగా వేయాలి, ఒకటి ఆరాక ఇంకోటి. మంచు పట్టే నెలల్లో అది సాగదు. ఫిబ్రవరి నుంచి మే దాకానే సమయం. దీపావళి వచ్చి వెళ్లిపోయింది. మా ఆయన నోటుబుక్కు మూసి, మేస్త్రి పక్కన కూర్చుని సున్నం చాళ్లు తిప్పడం నేర్చుకున్నారు. ఆయన్ని అంత సంతోషంగా నేను బళ్లో కూడా చూడలేదు.

ఆ రోజుల్లోనే లారీ బేకర్ గురించి చదివాను. బర్మింగ్‌హామ్‌లో పుట్టి మన దేశంలో స్థిరపడిన ఆర్కిటెక్టు. మన హైదరాబాదులో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన డాక్టర్ ఎలిజబెత్‌ను 1948లో పెళ్లాడాడు. కొత్త దంపతులు హిమాలయాల్లోని పితోరాగఢ్‌కు తిరగడానికి వెళ్లి, రోగుల కోసం అక్కడే ఉండిపోయారు. పదహారేళ్ల దాకా. ఇల్లూ ఆస్పత్రీ కొండవాళ్లు కట్టుకునే తీరులోనే, చుట్టూ దొరికిన రాయితో కట్టుకున్నారు. తర్వాత కేరళలో ఆయన కట్టిన వందల ఇళ్లకు బడి ఆ కొండే అయింది. చుట్టుపక్కల దొరికేదాన్ని, ఆ నేల మేస్త్రికి తెలిసినదాన్ని నమ్ముకోవడం ఆయన దగ్గర నాకు నచ్చింది.

గోడలు ఆరాక ఇక సింగారం. వెల్లసున్నంలో చిటికెడు పసుపుమన్ను కలిపితే మబ్బు రోజుల్లోనూ గదిలో వెలుతురు ఉంటుంది. కింద ఎర్ర గచ్చునే రుద్ది మెరుగు పెట్టించాం. తోటల్లో కాఫీకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ పలకలతో అలమరలు చేయించి, గోడకు జానెడు ఎడంగా నిలబెట్టాం, వెనక గాలి ఆడేలా. ఇనుప మంచాలు వద్దన్నాను, తుప్పు పడతాయి.

దిండు గలీబులు మాత్రం మా జిల్లావే కావాలని పట్టుబట్టాను. ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో 1993లో గడ్డి పాకలో ఆస్పత్రి మొదలుపెట్టిన డాక్టర్ దంపతులు రెజీ జార్జ్, లలిత. అక్కడి లంబాడీ ఆడవాళ్ల చేతుల్లోంచి దాదాపు జారిపోయిన కుట్టుపనిని, అది ఇంకా గుర్తున్న పెద్దవాళ్ల దగ్గర చిన్నవాళ్లు నేర్చుకునేలా డాక్టర్ లలిత అండగా నిలబడ్డారు. ఆ ఆడవాళ్ల సంఘం పేరు పోర్గై. తెలంగాణ తండాల్లో అద్దాల కుట్టు చూసినవాళ్లకు ఈ కుట్టు చుట్టరికం చూడగానే తెలుస్తుంది. ఎరుపూ నీలమూ కలిసిన ఆ గలీబులు నాలుగు పెడితే తెల్లగోడల హాలు నిండిపోయింది. ఇంకే బొమ్మలూ పెట్టలేదు, విజయవాడ నుంచి మా ఆడపడుచు పంపిన కొండపల్లి దశావతారాలు తప్ప. పొణికి కర్ర తేలిక, చెమ్మకు ఓర్చదు. అందుకే వాటిని చలిమంట గూటికి దగ్గరి అరలో ఉంచాం.

ఆ గూడు పొగగొట్టంలో పాత గూళ్లు తీయించి, మూసిన పలక ఊడదీయించాం. సాయంత్రం రెండు మొద్దులు వెలిగిస్తే చలి పోవడం అటుంచి, ఇల్లంతా పొడిబారుతుంది. మూసిపెట్టిన ఇల్లు వారాల్లో బూజు పడుతుంది. మేం కిందికి దిగినప్పుడు పక్క తోటలో ఉండే అక్క ఎండ కాసిన రోజు కిటికీలు తెరుస్తుంది, పరుపులు వరండాలో వేస్తుంది. ఆమెకు జీతం ఇస్తాం, ఇవ్వాలి. తాళం వేసి ఏడాదికోసారి వచ్చేట్టయితే కొండ మీద ఇల్లు కొనకపోవడమే నయం.

వంటింటి కప్పు మిగిలిపోయింది. గట్టు పక్క రెండు వాసాలు వంగాయి, పొయ్యి మీదికి గాజు పెంకొకటి పెడితే పగలు లైటు అక్కర్లేదని మేస్త్రి అంటున్నాడు. సంక్రాంతి పనులు అయ్యాక ఫిబ్రవరిలో వస్తానని మాటిచ్చాడు. సున్నం ఈలోపే గుంతలో వేసి నానబెట్టమన్నాడు, వేశాం.