అమ్మిపెట్టమని అప్పగించిన వస్తువు

“పాతబట్టలకు స్టీలు సామాన్లు” అనే కేక వినబడని వీధి మన తెలుగు పట్టణాలలో అరుదు. పాత పట్టుచీరల జరీ కోసం వచ్చే వ్యాపారి మరొకడు. అతడు చీరను తిరగేసి, జరీలో వెండి పాలెంతో పరీక్షించి, ఒక ధర చెబుతాడు. ఇల్లాలు కాస్త బేరమాడుతుంది. డబ్బు ఆమె చేతికి వస్తుంది, చీర అతని మూటలోకి వెళ్తుంది. అక్కడితో ఇద్దరి మధ్య లెక్క తీరినట్టే. ఆ జరీని కరిగించి అతడు ఎంత గడించినా ఆమెకు దానితో నిమిత్తం లేదు.

మేము ఇక్కడ ప్రస్తావించదలచిన వ్యాపారం దీనికి దగ్గర చుట్టమే గాని స్వభావంలో వేరు. ఇందులో ఇల్లాలు తన వస్తువును అమ్మివేయదు. అమ్మిపెట్టమని మరొకరికి అప్పగిస్తుంది. వస్తువు దుకాణంలో ఉన్నా యాజమాన్యం ఆమెదే. అమ్ముడుపోయిన రోజున దుకాణదారు తన వాటా తీసుకొని మిగిలినది ఆమెకు చెల్లిస్తారు. దీనినే కన్‌సైన్‌మెంటు అంటున్నారు. పేరుమోసిన కంపెనీల చేతిసంచులు, గడియారాలు, ఒక్కసారి కట్టి బీరువాలో పెట్టిన పెళ్ళి దుస్తులు నేడు ఎక్కువగా ఈ దారిలోనే చేతులు మారుతున్నాయి.

అమెరికాలో ఈ పద్ధతి పాతదే. న్యూయార్కులోని మేడిసన్ అవెన్యూ ప్రాంతంలో 1954 నుండి ఇటువంటి దుకాణాలు నడిచాయి. వాటిలో ఎన్‌కోర్ అనే దుకాణానికి దేశాధ్యక్షుని భార్య జాక్వెలిన్ కెన్నెడీ దుస్తులు కూడా వచ్చేవని, అవి తన పేరు మీదనే వచ్చేవని ఆమె కార్యదర్శి మేరీ గాలఘర్ తరువాత వ్రాసిన జ్ఞాపకాలలో తెలిపింది. శ్వేతసౌధంలో ఉన్న స్త్రీకి సైతం పాతబట్టలు అమ్ముకొంటున్నానని చెప్పుకోవడానికి సంకోచం కలిగిందన్నమాట. ఇప్పుడా సంకోచం చాలావరకు పోయింది. పారిస్‌లో 2009లో వెస్టియేర్ కలెక్టివ్, అమెరికాలో 2011లో ది రియల్‌రియల్ వచ్చాయి. దుబాయిలో ది లగ్జరీ క్లోజెట్ ఇదే వ్యాపారం చేస్తున్నది. జపానులో 1947లో నాగోయాలో మొదలైన కొమెహ్యో వంటి దుకాణాలలో మాత్రం వస్తువును అక్కడికక్కడే ధర కట్టి కొనివేయడం అలవాటు. అది మన జరీ వ్యాపారి పద్ధతి.

ఈ సంగతి మన ఇళ్ళకు ఎందుకు? గల్ఫ్ దేశాలలో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగి వచ్చిన కుటుంబాలు మన తెలుగు జిల్లాలలో, హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి. మంచి రోజులలో భర్త ముచ్చటపడి కొన్న సంచి ఒకటి, వాచీ ఒకటి ఆ ఇళ్ళలో కనిపిస్తాయి. ఉద్యోగం పోయిన నాడు మొదట కంటబడేవి కూడా అవే. నగ తాకట్టు పెట్టి వడ్డీ ఊబిలో దిగడం కంటే వాడని సంచిని అమ్ముకోవడం వేయి రెట్లు మేలు. అయితే అమ్ముకొనే దారి తెలిసి ఉండాలి.

మాకు తెలిసిన ఒక సోదరి కథ ఇది. టోలీచౌకీ ప్రాంతంలో ఉంటుంది. భర్త దుబాయి నుండి తిరిగివచ్చి ఏడాదైనా ఇక్కడ స్థిరమైన పని దొరకలేదు. కుమార్తె బడి ఫీజు గడువు దగ్గరపడింది. తన దగ్గరున్న లూయీ విటాన్ సంచిని ఇటువంటివి అమ్మిపెట్టే ఒక పెద్దావిడకు తీసుకువెళ్ళి ఇచ్చింది. “ఆపా, మీకు తెలియనిదేముంది, మంచి ధర చూసి అమ్మిపెట్టండి” అన్నది. “అలాగేనమ్మా, నలభై వేలకు తక్కువ కానివ్వను” అన్నదామె. కమిషన్ ఎంతో వీరు అడగలేదు, వారు చెప్పలేదు. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. పరిచయస్థుల మధ్య కాగితం అడగడం అవమానమని మనవారి భావన. ఇచ్చిపుచ్చుకొనే లెక్కలను వ్రాసిపెట్టుకొమ్మని ఖుర్‌ఆన్ అంత వివరంగా ఆదేశించిన సంగతి అప్పుడు గుర్తుకురాదు.

మూడు నెలలకు నలభై వేలు చేతికి వచ్చాయి. ఆమె అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకొన్నది. మరి కొన్ని వారాలకు ఒక వలీమా విందులో ప్రక్కన కూర్చున్న అపరిచిత స్త్రీ ఒడిలో అదే సంచి! ఒకే తీరు సంచులు ఎన్నైనా ఉండవచ్చు. కాని ఆమె మాటల సందర్భంలో సంచి తెరిచి, “అరవై ఐదు వేలకు తీసుకొన్నాను. ఇంటికి వెళ్ళి చూస్తే లోపలి జేబులో గోరింటాకు మరక. ముందు ఒక్క మాట చెప్పలేదు” అని నొచ్చుకొన్నది. ఆ మరక మన సోదరి కుమార్తె రంజాను పండుగ ముందురాత్రి చేసినది. సంచి ఇచ్చేటప్పుడు ఆమెకు అది గుర్తున్నది, కాని చెప్పలేదు.

ఇరవై ఐదు వేలు తనకు దక్కలేదన్న బాధ ఒక ప్రక్క, మరక దాచానన్న సిగ్గు మరొక ప్రక్క పెట్టుకొని ఆమె మా వద్దకు వచ్చింది.

మొదటి ప్రశ్న అమ్మిపెట్టినావిడను గురించి. ఆమె వాదన సూటిగా ఉంది: “నలభై ఇస్తానన్నాను, ఇచ్చాను. పైన వచ్చింది నా కష్టం.” ఇటువంటి ఒప్పందం ధర్మశాస్త్రంలో లేకపోలేదు. ఈ వస్త్రం అమ్ము, ఇంతకు పైన వచ్చినది నీదే అని చెప్పడంలో దోషం లేదని ఇబ్నె అబ్బాస్ (రజి) అభిప్రాయపడినట్లు ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలో దళారీ కూలిని గురించిన భాగంలో పేర్కొన్నారు. హంబలీ పండితులు దానిని ఆమోదించారు. ప్రతిఫలం ఎంతో తెలియకుండా ఉండిపోతుందన్న కారణంతో హనఫీలు మొదలైనవారు ఒప్పుకోలేదు. కాని ఒప్పుకొన్నవారి దృష్టిలో కూడా ఆ మాట ముందే స్పష్టంగా చెప్పుకొని ఉండాలి. “తక్కువ కానివ్వను” అనడం కనీస ధరకు హామీ మాత్రమే. పై మొత్తమంతా నాది అన్న షరతు అందులో ఎక్కడా లేదు.

ఆ షరతు లేనప్పుడు అమ్మిపెట్టే వ్యక్తి వకీలు, అనగా ప్రతినిధి. ప్రతినిధి తెచ్చిన లాభం యజమానిదే. దైవప్రవక్త (స) ఉర్వా (రజి) చేతికి ఒక దీనారు ఇచ్చి గొర్రెను కొనుక్కురమ్మన్నారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, గొర్రెను, దీనారును రెండింటినీ తెచ్చి ముందుంచారు. తెలివి ఆయనది, శ్రమ ఆయనది. అయినా లాభాన్ని జేబులో వేసుకోలేదు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు.

మన దేశ చట్టం చెప్పేది కూడా దాదాపు ఇదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 213వ సెక్షను ప్రకారం ఏజెంటు అడిగినప్పుడు సరైన లెక్క చూపాలి. 218వ సెక్షను ప్రకారం తనకు రావలసినది మినహాయించుకొని వసూలైన సొమ్ము యజమానికి చెల్లించాలి. యజమానికి తెలియకుండా తానే కొనేసుకొని లాభపడితే ఆ లాభాన్ని రాబట్టుకొనే హక్కు 216వ సెక్షను ఇస్తున్నది. అయితే కొన్నావిడ మీదికి వెళ్ళే వీలు లేదు. అమ్మకపు పనికై యజమాని ఇష్టపూర్వకంగా అప్పగించిన వస్తువును వ్యాపార ఏజెంటు వద్ద సద్భావంతో కొన్నవారికి 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షను రక్షణ కల్పిస్తుంది. అడగవలసినది అమ్మినవారినే.

ఇమామ్ అబూ హనీఫా కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకులు. ఒక స్త్రీ వస్త్రం అమ్మడానికి తెచ్చి నూరు అడిగింది. ఇది అంతకంటే ఎక్కువ చేస్తుందన్నారాయన. ఆమె నూరేసి చొప్పున పెంచుతూ నాలుగు వందల దాకా వచ్చింది. ఇంకా ఎక్కువే అనేసరికి ఎగతాళి చేస్తున్నారనుకొన్నది. అప్పుడాయన ధర తెలిసిన మనిషిని పిలిపించమన్నారు. చివరకు అయిదు వందలకు కొన్నారు. ఇది ఆయన జీవితచరిత్రలలో కనిపించే ఉదంతం. కొనేవాడు తానై ఉండి కూడా ధర తెలియని మనిషి అజ్ఞానం మీద లాభం తీసుకోలేదు. మరి అమ్మకందారు తరఫున నిలబడిన వ్యక్తికి ఎంత బాధ్యత ఉండాలి!

రెండవ ప్రశ్న మరక. ఇది మాకు ఇంకా కష్టమైన ప్రశ్న, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇది జరిగింది. మా అబ్బాయి షేర్వానీని అమ్మకానికి ఇచ్చినప్పుడు చంక క్రింద రఫూ చేయించిన చోటును మేము చెప్పలేదు. అడగలేదు గనుక చెప్పలేదని సర్దిచెప్పుకొన్నాము. పై ధాన్యం పొడిగా, అడుగున తడిగా ఉన్న రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి వర్తకుణ్ణి మందలించిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. నేటి వ్యాపారంలో ఆ రాశి ఫోటో రూపంలో ఉంటుంది. వెలుతురు పడే వైపు తీస్తాము, మూల అరిగిన వైపు తీయము. ఇచ్చేవారు లోపం చెప్పకపోతే అమ్మేవారికి తెలియదు. తెలిసినా చెప్పకపోతే కొనేవారికి తెలియదు. ఒకే మౌనం రెండు చేతులు మారుతుంది. “ఇంకొకరు కూడా అడుగుతున్నారు” అని లేని గిరాకీని చూపి ధర పెంచడం సరేసరి. అది హదీసులలో పేరుపెట్టి నిషేధించిన నజష్.

నకిలీల గొడవ దీనికంటే పెద్దది. లూయీ విటాన్ సంచులలో తయారీ తేదీని తెలిపే సంకేతం ఉండేది. 2021 నుండి దాని స్థానంలో మైక్రోచిప్ వచ్చింది. షనెల్ సంచులలో సంఖ్య గల స్టిక్కరు ఉండేది. నకిలీ తయారు చేసేవారు సంకేతాన్ని, స్టిక్కరును, పెట్టెను, రసీదును అన్నింటినీ అనుకరిస్తారు. కాబట్టి “కార్డు ఉంది” అన్నంత మాత్రాన అసలుదని నమ్మరాదు. పేరున్న దుకాణాలు కూడా తప్పించుకోలేకపోయాయి. 2024 ఫిబ్రవరిలో న్యూయార్కు జ్యూరీ ఒకటి షనెల్ వేసిన దావాలో ఒక ప్రసిద్ధ పాత వస్తువుల సంస్థకు వ్యతిరేకంగా తీర్పు చెప్పి 40 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నకిలీ ముద్ర గల సరుకు అమ్మితే ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. బంధువు కానుకగా ఇచ్చిన సంచి నిజమైనదో కాదో మీకే తెలియనప్పుడు “నాకు తెలియదు” అని చెప్పి ఇవ్వడమే సరైన దారి.

కొనే సోదరీమణులు అడగవలసిన మాట మరొకటి ఉంది: లోపలి అస్తరు ఏ తోలు? ఖరీదైన సంచులు, బూట్లు కొన్నింటిలో పందితోలు అస్తరు వాడతారు. పదును చేసినంత మాత్రాన అది శుద్ధం కాదన్నది పండితులలో అత్యధికుల మాట. ఇక పాత సంచి బంగారంలా ధర పెరుగుతుందని కొనేవారికి మా సలహా వేరు. 2025 జూలైలో పారిస్ వేలంలో జేన్ బర్కిన్ వాడిన తొలి హెర్మెస్ సంచి 86 లక్షల యూరోలు పలికిన మాట నిజమే. అది ఒకే ఒక్క సంచి. మామూలు సంచి దుకాణం గడప దాటగానే ధర తగ్గుతుంది, మన స్కూటర్ మాదిరిగానే.

అమెరికా దుకాణాలలో బట్టలకు సగం వరకు వాటా తీసుకోవడం పరిపాటి. ఖరీదు పెరిగేకొద్దీ వాటా తగ్గుతుంది. నెల గడిస్తే ధర తగ్గించడం, సుమారు మూడు నెలల తరువాత వెనక్కి తీసుకోకపోతే వస్తువుపై హక్కు పోవడం వంటి షరతులు కాగితం మీద ఉంటాయి. అగ్ని ప్రమాదం, దొంగతనం జరిగితే ఎవరు భరించాలన్నది కూడా వ్రాసుకోవాలి. ఎందుకంటే నిర్లక్ష్యం లేనప్పుడు అమానత్ పెట్టుకొన్నవారు నష్టపరిహారం ఇవ్వనక్కరలేదన్నది ధర్మశాస్త్ర నియమం. కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లూ అదే చెబుతున్నాయి.

జకాత్ విషయం కూడా పలువురు అడుగుతుంటారు. అమ్మడానికే సంచులు కొనేవారికి అవి వర్తక సరుకు. ఏడాది నిండితే వాటి విలువపై రెండున్నర శాతం లెక్కించాలి. అమ్మిపెట్టమని ఇతరులు ఇచ్చినవి ఆ లెక్కలోకి రావు. సొంతానికి కొని ఇప్పుడు అమ్మదలచిన సంచి కేవలం ఉద్దేశం మారినంత మాత్రాన వర్తక సరుకు కాదన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం. ఇంకొక మాట. భార్య సంచి భార్య ఆస్తి. ఇంటి అవసరానికి ఆమె ఇష్టపడి ఇస్తే అది ఆమె ఔదార్యం. అడగకుండా బీరువా తెరిచి అమ్మకానికి పంపే హక్కు భర్తకు లేదు.

మన సోదరి ఒక మధ్యాహ్నం మా ఇంటి ఆడవారిని తోడు తీసుకొని పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. మరక దాచిన సంగతి తానే ముందు చెప్పింది. పెద్దావిడ మొదట కోపగించుకొన్నది, తరువాత చాలాసేపు మాట్లాడలేదు. కమిషన్ ముందు నిర్ణయించుకోనప్పుడు వాడుకలో ఉన్న కూలి ఇవ్వాలన్నది నియమం. ఆ చుట్టుప్రక్కల ఇటువంటి వ్యాపారం చేసేవారు నూటికి ఇరవై తీసుకొంటున్నారు. ఆ ప్రకారం అరవై ఐదు వేలలో పదమూడు వేలు పెద్దావిడకు, యాభై రెండు వేలు సోదరికి తేలాయి. రావలసిన పన్నెండు వేలను పెద్దావిడ రెండు వాయిదాలలో ఇచ్చింది. అందులో మూడు వేలు మరక నిమిత్తం సంచి కొన్న స్త్రీకి చేరాయి. ఆమె మొదట వద్దన్నది, తరువాత తీసుకొన్నది. మిగిలిన తొమ్మిది వేలు బడిలో కట్టి రసీదు తెచ్చుకొన్నారు. మొన్న ఆ సోదరి తన పెళ్ళి ఖడా దుపట్టా జతను అదే పెద్దావిడకు అమ్మకానికి ఇచ్చింది. ఈసారి కమిషన్, గడువు, అంచున ఊడిన కుందన్లు మూడు, అన్నీ కాగితం మీద ఉన్నాయి.