మొదటి సెకనులో ఎంత గాలి?

పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే చాలామంది కళ్లు తిన్నగా శాతాల గడి మీదికి పోతాయి. ‘67 శాతమా, అంటే ఊపిరితిత్తులు మూడోవంతు పోయినట్టేనా?’ అని కంగారు. డాక్టరు ముందు చూసేది ఆ గడి కాదు.

లండన్ సర్జన్ జాన్ హచిన్సన్ 1846లో తన స్పైరోమీటర్ గురించి ప్రకటించినప్పుడు కొలిచింది, ఊపిరితిత్తుల్లోంచి మొత్తం ఎంత గాలి వస్తుందన్నదే. ఎంత వేగంగా వస్తుందన్న లెక్కకి మరో వందేళ్లు పట్టింది. 1947లో ఫ్రాన్స్‌లో రాబర్ట్ టిఫ్నో మొదటి సెకనును పట్టుకున్నాడు. రిపోర్టులో ఎఫ్‌ఈవీ1 అంటే ఆ మొదటి సెకనులో వచ్చిన గాలి. బలంగా ఊదితే వచ్చిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ.

మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. డాక్టరు ముందు చూసేది ఈ నిష్పత్తినే. ఎఫ్‌వీసీ 3 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.8 లీటర్లు అయితే నిష్పత్తి 0.60, అంటే తక్కువే. గాలి ఉంది, బయటికొచ్చే దారే ఇరుకైంది. రెండూ కలిసి తగ్గి నిష్పత్తి బాగానే ఉంటే అనుమానం వేరు: ఊపిరితిత్తులు సరిగా సాగడం లేదేమో. అది తేల్చడానికి మరో పరీక్ష కావాలి.

తర్వాత శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. నిష్పత్తి మామూలు స్థాయికి ఎగబాకితే ఉబ్బసం వైపు మొగ్గుతారు. అప్పటికీ 0.70 దాటకపోతే, ఆయాసం, దగ్గు, పొగ పీల్చిన చరిత్ర కూడా ఉంటే సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే జబ్బు. పొగంటే చుట్ట, బీడీ మాత్రమే కాదు, కట్టెల పొయ్యి కూడా. శాతం పని ఇక్కడే: ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదానిలో 80 శాతమో, ఆ పైనో ఉంటే జబ్బు స్వల్పం, 30 కంటే తక్కువైతే అతి తీవ్రం.

ఆ 0.70 గీతతోనూ చిక్కుంది. వయసుతో పాటు నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. 75 ఏళ్ల పెద్దాయనకి 0.68 జబ్బు కాకపోవచ్చు. పాతికేళ్ల కుర్రాడికి 0.72ను తేలిగ్గా తీసుకోలేం. అందుకే వయసుకు తగ్గ కనిష్ఠ హద్దుతో పోల్చాలని ఊపిరితిత్తుల నిపుణుల్లో చాలామంది వాదన. అదే సబబు అనిపిస్తుంది.

ఊదడం సరిగా లేకపోతే ఈ లెక్కలన్నీ వృథా. సరైన ప్రయత్నాలు కనీసం 3 కావాలి. మెరుగైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. మధ్యలోనే ఆపేస్తే ఎఫ్‌వీసీ తక్కువగా నమోదై, నిష్పత్తి బాగున్నట్టు కనిపిస్తుంది. ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు ఆపాలో కూడా ముందే డాక్టర్ని అడగాలి. పొద్దున్నే పీల్చి వెళ్తే, రిపోర్టులో ‘మందుకు ముందు’ అన్న అంకె నిజానికి మందు తర్వాతిదే.