పురుషుల తోలుకోటు

కృష్ణాడెల్టాలో తోలుకోటు తొడుగుకొనవలసినంత చలి యే మాసమునందును పుట్టదు. ఐనను నేడు కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి ప్రాంతముల గృహములలో దీనిని గూర్చిన చర్చ అరుదు కాదు. ఒక యింటి కుమారుడు చదువునకై అమెరికా పోవును; మఱియొక యింటి నాట్యాచార్యుడు ప్రదర్శనములకై కెనడా వెళ్లును. ఆవకాయ, కందిపొడి కట్టి యిచ్చు తల్లియో, భార్యయో కోటును గూడ నెంచవలసి వచ్చుచున్నది. జాకెట్టను మాట మన యిండ్లలో రవికకే చెల్లుచున్నది గావున దీనిని తోలుకోటనియే వ్రాయుచున్నాను.

సోదరీమణులారా! తోలు మనకు క్రొత్తది కాదు. మృదంగము గల యింట వానకాలమున దాని శ్రుతి దిగుట పిల్లలు సైత మెఱుగుదురు. గాలిలోని తేమను పీల్చుకొనుట తోలునకు స్వభావము. కోటును కొనునపుడును దాచునపుడును ఈ సంగతి మఱవరాదు.

మొట్టమొదట నిర్ణయింపవలసినది రంగు కాదు, ఊరు. టెక్సాసులోని డాలసు వంటి చోట శీతకాలమున పెక్కు దినములు తోలుకోటును, లోపల నొక యున్ని స్వెట్టరును చాలును. షికాగో, టొరంటోల చలికి అవి చాలవు. తోలు గాలిని చొరనీయదు గాని తానుగా వెచ్చదన మంతగా నీయదు; వెచ్చదనము నిలుపునవి లోని యస్తరును, స్వెట్టరును. 1931లో అమెరికా సైనిక వైమానికుల కేర్పఱచిన ఎ-2 కోటునకు తోలు వాడుటయు గాలి నాపుటకే. మంచు కురియు నూళ్లకు బోవువారు బాతు యీకలు నింపిన దట్టపు కోటును అక్కడనే కొనుట మేలు. తోలుకోటు వారికి చలి మొదలగు దినములలోను, తగ్గు దినములలోను పనికివచ్చును. ఇది విచారింపక కొన్న కోట్లు ఎన్ని పెట్టెలలో నిద్రించుచున్నవో!

ఇక తోలు. గొఱ్ఱెతోలు పలుచన, మెత్తన, సాధారణముగా 0.6 మొదలు 0.8 మిల్లీమీటరు మందముండును. ఒంటికి హాయియే గాని మేకునకు దగిలిన చిరుగును. మేకతోలు సన్నని గరుకుతో గట్టిగా నుండును. ఆవు, గేదె తోళ్లు దళసరివి, బరువైనవి. కొన్ని మాసములు తొడిగిన గాని లొంగవు. గోచర్మము వలదను నిండ్లవారు అంగడివానిని స్పష్టముగా నడిగి గొఱ్ఱెతోలో, మేకతోలో తీసికొనవచ్చును. (మృదంగపు మూత యే తోలని మాత్ర మెవ్వరు నడుగరు!)

పూర్వము మన దక్షిణదేశమున తోళ్లను తంగేడు పట్టతోను, కరక్కాయతోను పదునుచేసెడివారు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల బూట్లకై ఆ తోలును ప్రభుత్వమే కొనెను. నేటి కోట్లతోలు చాలవఱకు క్రోమియపు లవణములతో పదునుచేసినది. ఆ మెత్తదనము దానివలన వచ్చినదే. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలు ఈ పనికి ప్రసిద్ధములు.

అంగళ్లలో వ్రేలాడు కోట్లన్నియు తోలువి కావు. కొన్ని గుడ్డపై ప్లాస్టికు పూత పూసినవి. మన తేమకు ఆ పూత కొన్నియేండ్లలో పొలుసులుగా రాలిపోవును. జేబు అంచును త్రిప్పి చూడుడు. వెనుక అల్లిక గుడ్డ కానవచ్చినచో అది తోలు కాదని యనుమానింపవలయును. మంచితోలుపై సూక్ష్మరంధ్రము లొకే తీరున నుండవు. వ్రేలితో నొక్కిన సన్నని ముడుతలు లేచి సర్దుకొనును. తడిపిన తెల్లగుడ్డతో రుద్దిన రంగు అంటరాదు. నిప్పు చూపి పరీక్షింపుడని చెప్పువారి మాట వినకుడు. తోలైనను కాకున్నను కోటు చెడుట నిశ్చయము.

అన్నిటికన్న ముఖ్యము భుజము. నూలుచొక్కా యైనచో దర్జీ విప్పి కుట్టును; తోలున సూది పడిన రంధ్రము పూడదు. కావున తొడుగువానిని వెంటబెట్టుకొనియే పోవలయును. అన్నగారి కొలతతో తమ్మునికి కొనుట, ఒడ్డు చేయును లెమ్మని పెద్దది తెచ్చుట తగవు. లోపల స్వెట్టరు తొడిగించి చూడుడు. భుజపు కుట్టు ఎముక చివర నిలువవలయును. చేతులు ముందునకు చాచినపుడు వీపు బిగియరాదు. చేయి దింపినపుడు కోటుచేయి మణికట్టును దాకవలయును. మోచేతులకడ తోలు కొంత సాగును గాని పొట్టిచేయి పొడుగు కాదు. జిప్పును పదిమాఱులు లాగి చూచుటకు మొగమోటపడకుడు.

ప్రయాణమునకు ఆఱుమాసముల ముందే కొని దాచుట మంచిది కాదు. శ్రావణ భాద్రపదముల తేమలో, కార్తికపు తుపానువానలలో బీరువాలోని తోలు బూజు పట్టును. ప్లాస్టికు సంచిలో కట్టిన మఱింత త్వరగా పట్టును. వెడల్పైన కొయ్య హేంగరునకు తగిలించి పాత నూలుపంచె కప్పుడు. బూజు కనబడినచో ఇంటి వెలుపల పొడిగుడ్డతో తుడిచి నీడను గాలికి వ్రేలాడదీయుడు. వడియములవలె ఎండబెట్టిన బిరుసెక్కి పగులును. కొబ్బరినూనె రాయుట కొందఱి యలవాటు. దానివలన మచ్చలు పడును, కొన్నాళ్లకు ముక్కవాసనయు వచ్చును. తోలునకై యమ్ము క్రీమును కొంచెముగా వాడిన చాలును. సెలవులకు ఇంటికి వచ్చునపుడు కోటును అక్కడనే యుంచి రమ్మని అబ్బాయికి ముందే చెప్పుడు.