అష్రఫీ నాణెము: దాని యఱుగుదలను గుర్తించు విధము

మన కరీంనగరు ప్రాంతమున కొన్ని కుటుంబములయందు పెద్దలనాటి అష్రఫీ యొకటి భద్రముగా నుండుట కలదు. అక్కఱ కలిగినపుడు దానిని అవుసులవారి యంగడికి గొనిపోయి, తూకమునకు తగిన సొమ్ము గైకొని వచ్చుట వాడుక. త్రాసు నాణెమునందలి బంగారమును మాత్రమే తూచును. అది యెంత యరుదైనదో, ఎట్టి స్థితిలో నున్నదో చెప్పజాలదు. ఒకసారి మూసలో కరగిన నాణెము మరల రాదు. కావున నాణెపు స్థితిని నిర్ణయించు పద్ధతిని మా విద్యార్థులకు దెలుపుట యుక్తమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

హైదరాబాదు సంస్థానమునకు స్వంత టంకశాల యుండెను. అందు వెండి రూపాయలతోపాటు అష్రఫీ యను బంగారు నాణెమును, దాని యర్ధ, పాదిక, అరపాదిక భాగములును ముద్రింపబడుచుండెను. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములనుండి యంత్రముపై ముద్రింపబడిన అష్రఫీమీద చార్మినారు బొమ్మ కలదు. దాని ద్వారమధ్యమున ‘మీమ్’ అను నక్షర మున్నచో అది మీర్ మహబూబ్ అలీ ఖానునిది; ‘ఐన్’ అను నక్షర మున్నచో 1911లో గద్దె నెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖానునిది. రెండవ వైపున నాణెపు విలువయు, టంకశాల పేరును గానవచ్చును. పూర్ణమగు అష్రఫీ తూకము సుమారు 11.18 గ్రాములు, అనగా తులముకంటె కొంచెము తక్కువ. అందు వేయింట 910 పాళ్లు మేలిమి బంగారము.

పరీక్షించువాడు మొదట నెఱుగవలసిన సంగతి యొకటి కలదు. గీతలు కనబడనంత మాత్రమున నాణె మఱిగినదని చెప్పరాదు. యంత్రము రాకపూర్వము సమ్మెటతో గొట్టి ముద్రించు కాలమున బిళ్లకంటె అచ్చు పెద్దదిగా నుండెడిది. అందుచే కొన్ని యక్షరములు బిళ్లమీద పడనే పడలేదు. అవి అఱిగిపోయినవి కావు, పుట్టనివి. మఱికొన్నింట దెబ్బ బలముగా తగులక ముద్ర మసకగా పడెను. అఱుగుదలయందు ఎత్తైన భాగములు చదునై నునుపెక్కి, చుట్టునున్న పల్లముకంటె వేఱు వన్నెతో నుండును. దెబ్బ తక్కువైనచోట నట్లు గాక, లోహముయొక్క సహజమగు తళుకు నిలిచి యుండును.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1849నాటి కాలిఫోర్నియా బంగారపు వేటలో ప్రభుత్వ టంకశాల దూరమగుటచే వర్తకులే నాణెములను ముద్రించిరి. వాని పనిముట్లు మోటువి. అందుచే మసక ముద్రకును అఱుగుదలకును గల భేదమును తెలియుట అచటి పరీక్షకులకును ముఖ్యమైనది. డెన్వరు పట్టణమున క్లార్కు గ్రూబరు కంపెనీవారు 1860లో ఇతర లోహము కలుపక ముద్రించిన నాణెములు మిక్కిలి మెత్తనివై త్వరగా అఱిగెను. మఱుసటి యేట వారు కల్తీలోహము చేర్చి గట్టిపఱచిరి. మన అష్రఫీయందు వేయింట 90 పాళ్లు వేఱు లోహ ముండుటయు నాణెమును గట్టిపఱచుచున్నది.

ఇక స్థితిభేదములు. నాణెమును అంచులయందు మాత్రమే పట్టుకొని, ఒక దీపము వెలుగున మెల్లగా వాల్చి చూడవలెను. తళుకు ఎచటను తెగక చక్రమువలె తిరిగినచో అది వాడబడనిది. ఎత్తైన గీతల కొనలయందు మాత్రమే తళుకు పోయినచో ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ అందురు. గీతలు చదునైనను బొమ్మ వివరములు పెక్కు నిలిచినచో ‘వెరీ ఫైన్’. బొమ్మ తెలియుచు, లోపలి గీతలు చాలవఱకు పోయినచో ‘ఫైన్’. అమెరికాలో షెల్డను అను నాతడు 1949లో ప్రకటించిన 1 మొదలు 70 వఱకు గల సంఖ్యామానము నేడు లోకమంతట వాడుకలో నున్నది.

మన నాణెములకు చేతి రాపిడికంటె నగల వలన గలిగిన హాని యెక్కువ. అష్రఫీలు దర్బారున నజరుగా సమర్పింపబడెను. స్త్రీల కంఠాభరణములందును చేరెను. కొండి అతికిన నాణెముయొక్క అంచున టంకపు మచ్చ యుండును. కొండి తీసి ఆకురాయితో రాచినచోట అంచుగీతలు తెగిపోవును. చింతపండుతోను బూడిదతోను తోమిన నాణెము మిలమిల లాడును గాని, భూతద్దముతో చూచిన నొకే దిక్కునకు సాగిన సన్నని గీరలు వేలకొలది కానవచ్చును. ఆ మెఱుగు టంకశాల తళుకు కాదు. తోమిన నాణెముకంటె సహజముగా నఱిగిన నాణెమే పరీక్షకులకు ప్రియము.

నకిలీని కనుగొనుటకు ఆర్కిమిడీసు సూత్రము చాలును. అష్రఫీని సన్నని దారమున వ్రేలాడగట్టి నీటిలో తూచినచో సుమారు 0.64 గ్రాము తూకము తగ్గవలెను. ఇత్తడి బిళ్లకు బంగారపు పూత పూసినచో, అదే తూకమునకు అంతకు రెట్టింపు తగ్గును. ఇందువలన నాణెమునకు గీటురాయి గాయమైనను తగులదు.

ఒక్క నాణెముపై నింత శ్రద్ధ యేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. గోదావరీ తీరమున, పూర్వము మన జిల్లాలోనిదై నేడు జగిత్యాల జిల్లాలో చేరిన కోటిలింగాలయందు దొరకిన చిన్న నాణెములపై ‘చిముక’ అను నక్షరములు చదువబడెను. శాతవాహన వంశకర్తయగు రాజు పేరది యని పండితులు పెక్కురు తలంచిరి. ఆ నాణెములను దొరకినవారు కరగించి యున్నచో ఈ సాక్ష్యము మనకు దక్కెడిది కాదు. కావున విద్యార్థులారా, మీ యింట అష్రఫీ యున్నచో తోమకుడు, రాయకుడు. మెత్తని కాగితమున చుట్టి, తూకమును సంవత్సరమును వ్రాసి యుంచుడు. అమ్మక తప్పనినాడు ముందు నాణెముల నెఱిగినవారికి చూపి, పిదప త్రాసు నొద్దకు పొండు. భూమిలో దొరకిన దైనచో కలెక్టరుగారికి తెలియజేయుట శాసనవిధి. పెద్దలు దాచిన దానిని ఎఱుకతో కాపాడుట మన ధర్మము.