పెద్ద మోటారు సైకిలుతో ఏడేండ్లు

నేను 2019వ సంవత్సరమున బడిపంతులు పనినుండి విరమించినప్పుడు చేతికి వచ్చిన ద్రవ్యములో కొంత వెచ్చించి పెద్ద మోటారు సైకిలు నొకదానిని కొంటిని. అఱువదేండ్లు నిండినవాడు, పంచకావ్యములు చదివినవాడు, మోకాళ్లకు తైలము రాచుకొనుచు అరుగుమీద కూర్చుండవలసినవాడు ఇట్టి వాహనము నెక్కుట యేమని మా యూర కొందఱు నవ్విరి. మా యింట నెవ్వరును నవ్వలేదు. మాటలాడుటయే మానిరి. ఇది యేడవ యేడు. అప్పుడు నవ్విన పెద్దలే యిప్పుడు మా యరుగుమీదికి వచ్చి, "పంతులుగారూ, మా మనుమడు అటువంటి బండియే కావలెనని రెండు దినములనుండి అన్నము ముట్టలేదు. కొనిపెట్టవచ్చునా?" అని యడుగుచున్నారు. వారికి విడివిడిగా చెప్పిన మాటలే నేడు మీకందఱకును కలిపి చెప్పుచున్నాను. నా బండిని చేసిన కంపెనీ పేరు మాత్రము చెప్పను. ఒక వర్తకుని సరకును రేడియోలో పొగడుటయు తెగడుటయు మర్యాద కాదు.

ఈ జాతి వాహనములను అడ్వెంచర్ బండ్లందురు. సాహసయాత్రల బండ్లని మన మనుకొనవచ్చును. వీని పేరు ప్రతిష్ఠలు ఎడారిలో పెరిగినవి. పారిసు నగరమునుండి సహారా యెడారి మీదుగా ఆఫ్రికాఖండపు పడమటి కొసనున్న డకారు రేవువఱకు పూర్వము జరిగెడి పందెము 1978 డిసెంబరులో మొదటిసారి బయలుదేఱినది. 1980లో జర్మనీ దేశపు బీఎండబ్ల్యూ వారు ఆర్80 జీ/ఎస్ అను బండిని వెలువరించిరి. ఆ తుది రెండక్షరములలో మొదటిది 'గెలెండ', అనగా బాటలేని నేల. రెండవది 'ష్ట్రాసె', అనగా రాచబాట. రెండింటను నడచునదని భావము. మఱుసటి యేడే ఊబేర్ ఓరియోల్ అను ఫ్రెంచివాడు ఆ జాతి బండిమీద డకారు పందెము గెలిచెను. నేడు ఆ వంశమున 1300 ఘన సెంటీమీటర్ల యింజనుతో, 237 కిలోల బరువుతో బండ్లు తయారగుచున్నవి. మన దేశమున 2016లో రాయల్ ఎన్‌ఫీల్డు వారు 'హిమాలయన్' అను 411 ఘన సెంటీమీటర్ల బండిని అమ్మకమునకు పెట్టిన పిమ్మట ఈ జాతి సామాన్య గృహస్థుల పందిళ్లక్రిందికి కూడ వచ్చినది. నాది పెద్దవానిలో చిన్నది. అయినను నిండుగా పెట్రోలు పోసినప్పుడు 190 కిలోలకు పైబడును. రెండు ధాన్యపు బస్తాలకంటె బరువన్నమాట.

దీని కట్టుబడి తెలియుటకు మీరు చిన్ననాట తోలిన యెద్దుబండిని స్మరించిన చాలును. బండిచక్రము మనిషి రొమ్మువఱకు ఎందుకుండెడిది? చిన్నచక్రము గుంటలో దిగబడును. పెద్దచక్రము గుంట అంచునుండి అంచునకు ప్రాకిపోవును. ఈ మోటారు సైకిలు ముందుచక్రము 21 అంగుళములుండుటకు కారణ మదియే. మామూలు బండ్లకు 17 గాని 18 గాని యుండును. ముందుచక్రముమీది మడ్డుగార్డును చక్రమునకు జేనెడు పైగా, కొంగముక్కువలె చాచి అమర్తురు. పట్నవాసులు దీనిని అలంకార మనుకొందురు. మా మార్కాపురము ప్రాంతపు రేగడినేల యెఱిగినవానికి అందలి మర్మము చెప్పనక్కఱలేదు. వానదినమున రేగడి చక్రమునకంటి, మడ్డుగార్డునకు చక్రమునకు నడుమ గట్టిపడి, చక్రమును తిరుగనీయదు. ఎడముంచినచో మట్టి తనంతట రాలిపోవును. స్ప్రింగుల చలనము మామూలు బండ్లలోకంటె హెచ్చు. అందుచేత రాతిబాటలో నడుము విఱుగదు గాని, కూర్చుండు పీఠము నేలనుండి రెండున్నర అడుగులకు మించి లేచిపోవును. పొట్టివారికిది పెద్ద చిక్కు. నాకు రెండు పాదములును పూర్తిగా నేలనానవు, మునివ్రేళ్లతో నిలువవలసినదే.

దీని సుఖమేదియో 2022లో కాశికి పోయినప్పుడు తెలిసినది. మా శిష్యుడొకడు వేఱొక బండిమీద తోడు వచ్చెను. మా యింటిది రైలులో పోయి మాకంటె ముందు చేరినది. హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, రీవా మీదుగా పోవు ఈ దారి పూర్వము 7వ నంబరు జాతీయ రహదారి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, బోయీలు మోయు పల్లకిలో, పరివారముతో, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగానే కాశి చేరినారు. వారి యాత్ర మొత్తము పదునైదు నెలలకు పైగా సాగినది. నేను ఐదుదినములలో చేరితిని. అయినను అది నా ఘనత కాదు. గంటకు 75 కిలోమీటర్లకు మించి పోలేదు. అంతకు మించినచో యెదురుగాలి రొమ్మున తన్నును. ఒకే సిలిండరుగల యింజనగుటచే చేతులు తిమ్మిరెక్కును. ఈ బండి గుణము వేగములో లేదు. నాగపూరునకు ఉత్తరమున పెంచ్ అడవిలో, క్రిందుగా అడవిమృగములు దాటిపోవుటకై ఎత్తుగా కట్టిన వంతెనలమీద ప్రొద్దుట వేళ నిదానముగా పోవుచున్నప్పుడు, నిటారుగా కూర్చున్న నా వెన్నునకు అలసట తెలియలేదు. బస్సులో ఆ దూరము పోయినయెడల మూడుదినములు మంచము దిగకపోయెడివాడను.

ఇక దీని దుఃఖము. కొన్న రెండవ యేటి వానకాలమున మా చెరువుకట్ట దిగుచు ఒకచోట నిలిపితిని. ఎడమకాలు పెట్టిన నేల జాఱినది. బండి మెల్లగా, మిక్కిలి మెల్లగా ఒరిగినది. ఇరువది దాటిన వేగమున నీ బండికి బరువున్నదని తోపదు. నిలిచినపుడే దాని బరువంతయు మనదగును. ఒక గీత దాటిన పిదప ఏ మానవుడును దానిని నిలుపజాలడు. విడిచిపెట్టి తొలగవలెను. నేను విడువలేదు. కొత్తబండియను మమకారము. కాలు క్రిందబడినది. ప్రక్క పెట్టెలకై కట్టిన యినుపచట్రము నేలనాని కొంత బరువు మోసినది గాన యెముక దక్కినది. అరగంట సేపు ఆకాశము చూచుచు పడియుంటిని. గొఱ్ఱెలు కాచుకొను దంపతులు వచ్చి, ఆమె చట్రము పట్టి యెత్తగా, అతడు నన్ను లాగెను. మడమ వాచి నెలదినములు మంచము పట్టితిని. మా యింటి యామె యొక్క పరుషవాక్యమైన పలుకక తాళపుచెవిని బియ్యపు డబ్బాలో దాచినది. మూడు నెలలు దాని జాడ నాకు తెలియలేదు.

ఆ మూడు నెలలలో బండి నెత్తు విధము నేర్చుకొంటిని. ఇది ప్రతివారికిని అక్కఱకు వచ్చును గాన చెప్పుచున్నాను. మొదట ఇంజను ఆర్పవలెను. పడిన బండికి ఎదురుగా నిలిచి వంగి యెత్తినచో నడుము పట్టును. బండికి వీపు పెట్టి, పిఱుదులను పీఠపు అంచున కానించి, ఒకచేత నేలవైపు హ్యాండిలును, రెండవచేత వెనుక చట్రమును పట్టుకొని, వెన్ను వంచక, తొడల బలముతో చిన్న చిన్న అడుగులు వెనుకకు వేయవలెను. బండి గేరులో నుండినచో దొర్లిపోదు. కుడివైపున పడినపుడు ఎడమ స్టాండును ముందే తెఱచియుంచవలెను. లేనిచో లేచిన బండి అవ్వలికి పడును. ఈ విధమున నే నొక్కడనే, గడ్డివాము ప్రక్క, మూడుమాఱు లెత్తితిని. నాలుగవసారి చేతకాలేదు. అందుచేత నాటినుండి ఒంటరిగా బాటలేని నేలకు పోవుట మానితిని.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారి సామెత. ఈ బండికి కందెన గొలుసునకు వేయవలెను. నేను ఐదువందల కిలోమీటర్లకొకసారి తుడిచి నూనె పెట్టుదును. అంతకంటె ముఖ్యము గొలుసు బిగువు. వెనుకచక్రము గుంటలలో పైకి లేచినప్పుడు ముందు పళ్లచక్రమునకును వెనుక పళ్లచక్రమునకును నడుమ దూరము పెరుగును. ఆ పెరుగుదలకై గొలుసు ఒకటి, ఒకటిన్నర అంగుళము వదులుగా నుండవలెను. ఒక పట్టణమున మరమ్మతు చేసినవారు, వదులు కన్నులకు బాగుండలేదని కాబోలు, వీణతీగవలె బిగించి పంపిరి. ఎనిమిదివందల కిలోమీటర్లలో వెనుకచక్రపు బేరింగు అరిగినది. గొలుసును పళ్లచక్రములును కూడ మార్చవలసివచ్చినది. అప్పటినుండి మరమ్మతుశాలలో కుర్చీ వేసికొని కూర్చుందును. బడిలో కుఱ్ఱలు లెక్క చేయునపుడు వెనుక నిలుచుండిన అలవాటు ఇక్కడ పనికివచ్చినది.

ఎలుకల మాట మఱువరాదు. వానకాలము బండి కదలక నిలిచియుండగా పీఠము క్రింద గూడు కట్టి తీగలు కొఱికినవి. బ్యాటరీ కూడ నీరసించెను. పూర్వపు బండ్లను కాలితో తన్నిన కదలెడివి. ఇప్పటివానిలో పెట్రోలును యింజనులోనికి చిమ్ముటకే విద్యుత్తు కావలెను. బ్యాటరీ చచ్చిన బండి చచ్చినట్లే. పుల్లల చక్రము రాళ్లదెబ్బకు వంగినను సరిచేయవచ్చును గాని, నా చక్రములలో ట్యూబు లున్నవి గాన పంక్చరైనపుడు చక్రము విప్పవలసినదే. 21 అంగుళముల ట్యూబు పల్లె దుకాణములలో దొరకదు. దోర్నాలనుండి శ్రీశైలము ఘాటురోడ్డున ఒకసారి ఈ చిక్కు వచ్చినది. ఆ నల్లమల దారిలో రాత్రివేళ వాహనములను విడువరు. గేటు మూయు వేళకు కొంచెము ముందుగా బయటపడితిని. నాటినుండి ట్యూబొకటి సంచిలోనే యుండును.

పెట్రోలు సంగతి. లీటరునకు 30 కిలోమీటర్లు వచ్చెడిది, ఇప్పుడు 28. ఇందులో కొంత బండి వయస్సు, కొంత ఇంధనపు మార్పు. పెట్రోలులో ఇరువది శాతము ఇథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట వచ్చినది. ఇథనాలునకు లీటరొక్కింటికి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ శక్తి. పైగా అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఈ మిశ్రమమునకు తగిన రబ్బరు గొట్టములు మొదలగువానితో వాహనములు 2023 ఏప్రిలునుండి తయారగుచున్నవి. నాది అంతకు ముందుది. కాబట్టి గొట్టములను పరీక్షించి మార్పించితిని. నెలలకొలది సగము ట్యాంకుతో నిలుపుట మానితిని.

పెద్దలు ముఖ్యముగా వినవలసినది వ్యయమును, చట్టమును. 2025 సెప్టెంబరు 22 మొదలు, 350 ఘన సెంటీమీటర్లు మించని మోటారు సైకిళ్లపై జీఎస్టీ 18 శాతము. మించినవానిపై 40 శాతము. అంతరము చిన్నది కాదు. కొన్న తరువాత టైర్లు, గొలుసు, బ్రేకుబిళ్లలు, భీమా అన్నియు పెద్దబండి లెక్కలోనే వచ్చును. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీసినట్లు, లక్షలు పోసి బండి కొన్నవారు మంచి హెల్మెట్టునకు బేరమాడుట చూచుచున్నాను. మఱి పదునెనిమిదేండ్లు నిండని మనుమనికి తాళపుచెవి యిచ్చినయెడల, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, సంరక్షకునకుగాని వాహనపు యజమానికిగాని మూడేండ్లవఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. కుఱ్ఱవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. తాతగారి ముద్దు ఎంతవఱకు పోవునో చూడుడు.

అన్నము మానిన ఆ మనుమని తాతగారితో నేనన్నది ఇది: "కుఱ్ఱవానిని మా యింటికి పంపుడు. నా బండిని గడ్డివాము ప్రక్క పడవేసి చూపెదను. ఒక్కడే యెత్తి నిలిపి, గొలుసు తుడిచి నూనె పెట్టి, ఏడాదికి దాని ఖర్చు ఒక కాగితముమీద వ్రాసి తెచ్చినచో, అప్పుడు మాటలాడుదము." అతడు వచ్చెను. రెండుసార్లు జాఱవిడిచి మూడవమాఱు ఎత్తినాడు. ఖర్చుల కాగితము ఇంకను తేలేదు గాని, అన్నము మాత్రము తినుచున్నాడట.

నా సంగతికి వచ్చినచో, ఏబదియైదేండ్లు దాటినవారికి లైసెన్సు ఒక్కసారికి ఐదేండ్లకే యిత్తురు. వైద్యుని ధ్రువపత్రము తేవలెను. నేను 2024లో పొందితిని. అందు కన్నులు బాగున్నవని వ్రాసిరి. మోకాళ్లనుగూర్చి అడుగలేదు, నేను చెప్పలేదు. ఇంటివారికి మాత్రము చెప్పితిని. పీఠమును రెండంగుళములు క్రిందికి దించు ఏర్పాటు చేయించితిని. ఇప్పుడు పాదములు రెండును నేలనానుచున్నవి. తాళపుచెవి నేటికిని బియ్యపు డబ్బాలోనే యుండును. ఎక్కడికి పోవుచున్నదియు, ఎవరు తోడు వచ్చుచున్నదియు, ఎన్ని గంటలకు తిరిగి వత్తునదియు చెప్పి, ఆమె చేతినుండి తీసికొందును.