వణికే వీడియోకు నిలకడ

విద్యార్థులారా,

రబ్బరు తోటల్లోనూ కొబ్బరి తోటల్లోనూ పనిచేసిన మీ ఇంటి పెద్దల మాటలను ఫోనుతో చిత్రీకరించి తెచ్చారు. మాటలు బంగారం, బొమ్మ మాత్రం చాలా వీడియోల్లో వణుకుతున్నది. మరల తీద్దామంటే అన్నివేళలా వీలుపడదు. ఎనభై దాటిన తాతగారు ఒకనాడు ఉత్సాహంతో చెప్పిన సంగతిని మరొకనాడు అదే తీరున చెప్పలేరు. కొందరు పెద్దలు మరొకనాటికి మన మధ్య ఉండకపోవచ్చును. కనుక ఉన్నదానినే కూర్పులో, అనగా ఎడిటింగ్‌లో, బాగుచేసుకోవడం తెలిసి ఉండాలి.

వీడియో అంటే కదలని బొమ్మల వరుస. ఫోను సాధారణంగా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. ఒక్కొక్క బొమ్మ ఒక ఫ్రేము. మీ చేయి అదిరితే, ఒక ఫ్రేములో ఒకచోట ఉన్న తలుపు గడియ తరువాతి ఫ్రేములో కొంచెం పక్కకు జరిగి కనిపిస్తుంది. కూర్పు చేసే సాఫ్ట్‌వేరు ఇటువంటి స్పష్టమైన బిందువులను, అంటే గడియను, కిటికీ మూలను, క్యాలెండరు అంచును ఎన్నుకొని, అవి ఫ్రేము ఫ్రేముకూ ఎంత జరిగాయో, ఎంత ఒరిగాయో కొలుస్తుంది. ఆ కొలతలను కలిపితే కెమెరా నడిచిన దారి ఎగుడుదిగుడు గీతగా తేలుతుంది. సాఫ్ట్‌వేరు ఆ గీతను నునుపు చేసి, దానికి సరిపడేటట్లు ఒక్కొక్క ఫ్రేమును జరుపుతుంది. కెమెరా కుడికి అదిరితే దృశ్యం ఎడమకు జరుగుతుంది గదా! అందుచేత బొమ్మను తిరిగి కుడికి నెడుతుంది.

ఇది ఉచితంగా దొరికే మేలు కాదు. బొమ్మను కుడికి నెట్టినప్పుడు ఎడమ అంచున నల్లని ఖాళీ మిగులుతుంది. దానిని దాచడానికి బొమ్మను పెద్దది చేయాలి. 1920 చుక్కల వెడల్పు గల వీడియోను పది శాతం పెంచితే, అసలు దృశ్యంలో సుమారు 1745 చుక్కలే తెరమీద మిగులుతాయి. వణుకు ఎక్కువైన కొద్దీ కోత ఎక్కువ. అమ్మమ్మ తల పైభాగం తెర అంచుకు ఆనుకొని ఉంటే, ఆమె కొప్పు పోతుంది. అందుకే చిత్రీకరించేటప్పుడే తలచుట్టూ చోటు వదలండి.

ఇక పని. డావిన్చి రిజాల్వ్ ఉచిత ప్రతిలోనూ ఈ సౌకర్యం ఉన్నది. ప్రీమియర్ ప్రోలో దీని పేరు వార్ప్ స్టెబిలైజర్. ముందుగా మీకు కావలసిన భాగాన్ని కత్తిరించుకోండి. తాతగారి ముఖం నుండి తోటవైపు కెమెరా తిప్పి ఉంటే, ఆ తిప్పిన భాగాన్ని వేరు చేయండి. కూర్చుని మాట్లాడే భాగానికి కెమెరా కదలికను పూర్తిగా తీసివేసే పద్ధతి సరిపోతుంది. నడుస్తూ తీసినదానికి అది పనికిరాదు. ప్రీమియర్‌లో నునుపు మొదట 50 శాతంగా ఉంటుంది. చాలాసార్లు అంత అవసరం లేదు. తగ్గించి చూడండి.

ఒక చిక్కున్నది. తాతగారు రబ్బరు చెట్టుకు గాటు పెట్టే తీరును కెమెరాకు దగ్గరగా చేయి చాచి చూపిస్తే, సాఫ్ట్‌వేరు ఆ చేతి కదలికనే కెమెరా కదలికగా పొరబడవచ్చు. అప్పుడు వెనుక గోడ నీటిలో నీడవలె ఊగుతుంది. బొమ్మను సాగదీయకుండా కేవలం పక్కలకూ పైకీ కిందికీ జరిపే సాదా పద్ధతిని ఎంచుకుంటే ఈ ఊగులాట చాలావరకు తగ్గుతుంది.

తాతగారి చేతి వణుకు కూడా పోతుందా అని మీకు సందేహం కలుగవచ్చు. పోదు. సాఫ్ట్‌వేరు సరిచేసేది కెమెరా వణుకును మాత్రమే. ఆ చేతి వణుకు ఆయన వయస్సుది. తీసే వీలున్నా నేను తీయనివ్వను.

చీకటి గదిలో తీసిన వీడియోలో మరొక లోపం ఉంటుంది. వెలుతురు చాలక ఒక్కొక్క ఫ్రేముకు కెమెరా ఎక్కువ సేపు కాంతిని గ్రహిస్తుంది. ఆ సేపులో చేయి కదిలితే ఫ్రేములోనే బొమ్మ అలుక్కుపోతుంది. నిలకడ చేసినా ఆ మసక అట్లే ఉంటుంది. పెద్దలను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టండి, మీ మోచేతులను బల్లమీద ఆనించండి.

ఏ పద్ధతికీ లొంగని వీడియో ఉంటే పారవేయవద్దు. నిలకడ పని ధ్వనిని ముట్టదు, మాట చెక్కుచెదరదు. ఆ మాటను ఉంచి, దానిమీద పాత తోట ఫోటోలను వరుసగా పేర్చండి. అసలు ఫైలును మాత్రం మార్పు లేకుండా వేరొక డిస్కులో దాచి, దానిమీద పెద్దల పేరు, ఊరు, తీసిన తేదీ తెలుగులో వ్రాయండి.